హైదరాబాద్ అద్దె, విజయనగరం జీతం

"విజయనగరమా? ఇంకేం, బోలెడు మిగుల్చుకోవచ్చు" అన్నారు హైదరాబాద్ ఆఫీసులో. బదిలీకి అర్జీ పెట్టే ముందు మా ఆవిడ పద్దుల పుస్తకం, నా పే స్లిప్పు ముందేసుకుని కూర్చున్నాం. రెండు ఊళ్ల ఖర్చులు పోల్చి చెప్పే లెక్కలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి గానీ, వాటికి విజయనగరం అన్నా విశాఖే.

నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఇంటి అద్దె భత్యం, అదే హెచ్ఆర్ఏ, ఊరి తరగతిని బట్టి ఇస్తారు. హైదరాబాద్ ఎక్స్ తరగతి నగరం, హెచ్ఆర్ఏ బేసిక్ (మూల వేతనం)లో 30 శాతం. విశాఖ వై తరగతి, 20 శాతం. విజయనగరం జెడ్, పది శాతమే. నా బేసిక్ 50,500. అంటే 15,150 వచ్చే చోట 5,050. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు కూడా 3,600 నుంచి 1,800కి పడిపోతుంది, దాని మీద వచ్చే డీఏ (కరువు భత్యం) సగమవుతుంది. అంతా కలిపి నెలకు దాదాపు 12,900 కోత. మల్కాజిగిరిలో అద్దె 18,000, ఇక్కడ విజయనగరంలో కంటోన్మెంటు వైపు అలాంటి ఇల్లే 9,000కి కుదిరింది. అద్దెలో తగ్గింది 9,000, జీతంలో పోయింది 12,900! అర్జీ చించేద్దామా అనిపించింది.

ఆ 3,900 ఎక్కడ పూడుతుందా అని ఒక్కో పద్దూ చూశాం. పప్పు, నూనె, గ్యాసు, ఫోన్ రీచార్జి ఎక్కడైనా ఒకటే. పెట్రోలైతే ఇక్కడే ఎక్కువ. కానీ అక్కడ ఆఫీసుకి రానూపోనూ 30 కిలోమీటర్లు, ఇక్కడ నడిచి వెళ్లొచ్చు. పాప స్కూల్ బస్సు ఫీజు తప్పింది. ఇంటి ఓనరు మామ్మగారు "నీళ్లకి డబ్బులేటి బాబూ, బోరుంది కదా" అనేసరికి మెయింటెనెన్సు, ట్యాంకర్ పద్దులు కొట్టేశాం. అసలు పెద్ద పద్దు ఊరి ప్రయాణాలది. నాన్న ఈ జిల్లాలోనే చీపురుపల్లిలో ఒక్కరే ఉంటారు. పండగలకి రైల్లో బెర్తు దొరక్క ప్రైవేటు బస్సులకి పోసిన డబ్బు నెలల మీద పంచి చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు ప్యాసింజర్ రైలెక్కితే ఊళ్లో దిగుతాం.

తూకం అక్కడితో తేలలేదు. మా ఆవిడ బ్లౌజులు కుడుతుంది. మల్కాజిగిరిలో తీసుకునే కూలీలో సగం అడిగినా ఇక్కడ బేరమాడుతున్నారు. నాన్న గుండె పరీక్షలకి విశాఖ తీసుకెళ్లాలంటే కారు కిరాయి అదనం. పోల్చేటప్పుడు ఖర్చులే కాదు, ఇంట్లోకి వచ్చే ప్రతి రూపాయీ రాసుకోవాలని ఎవరూ చెప్పరు.

ఇంకో దెబ్బ సామాను లారీది. ప్రభుత్వమే బదిలీ చేస్తే బేసిక్‌లో 80 శాతం గ్రాంటు, రవాణా ఖర్చు ఇస్తారు. మనమే అడిగి వెళ్తే పైసా రాదు.

మిగిలింది తెలంగాణ నంబరున్న స్కూటర్. 12 నెలలు దాటితే ఇక్కడ రిజిస్టర్ చేయించాలి, అందుకు అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌వోసీ) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పదేళ్ల బండికి ఇంత తిరుగుడెందుకని హైదరాబాద్‌లోనే బామ్మర్దికి ఇచ్చేశాను. కొత్తది ఇంకా కొనలేదు.