మందుగదికి లైసెన్సు: నా అనుభవం

కడప నుంచి ఎర్రగుంట్ల పోయే దారిలో మాదొక చిన్న కంకర క్వారీ, దాని పక్కనే క్రషర్. నాయన ఉన్నన్నాళ్లూ పేలుడు మందు సంగతి మేం పట్టించుకున్నది లేదు. కొండ పేల్చాలంటే బ్లాస్టర్‌కు ఫోన్ చేసేవాళ్లం. జీపులో జిలెటిన్ కడ్డీలు, వాటిని పేల్చే క్యాపులు (డిటోనేటర్లు) వేసుకొచ్చి, పని కానిచ్చి, డబ్బులు తీసుకుని పోయేవాడు. అవి యాడి నుంచి తెస్తున్నాడు, మిగిలినవి ఏం చేస్తున్నాడు అని ఒక్కరూ అడగలేదు.

2021 మే 8న మా జిల్లాలోనే, కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలి 10 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ జీపు మా గేటు దాటి లోపలికి వస్తుంటే నాకు కడుపులో దడ మొదలయ్యేది. సొంతంగా మ్యాగజైన్ కట్టుకుని, లైసెన్సు తీసుకుని, లెక్కగా చేద్దామనుకున్నా. 'మ్యాగజైన్ పెడుతున్నా' అంటే మా అమ్మ, 'ఈ కాలంలో పుస్తకాలు ఎవరు కొంటారు నాయనా' అంది. మందుగది అని చెప్పాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

లైసెన్సు పోలీసులు ఇస్తారనుకున్నా. కాదట. ఇచ్చేది పెసో. పూర్తి పేరు పెట్రోలియం అండ్ ఎక్స్‌ప్లోజివ్స్ సేఫ్టీ ఆర్గనైజేషన్, హెడ్డాఫీసు నాగపూర్‌లో. అది హోంశాఖ కింద కాదు, వాణిజ్య శాఖ కింద ఉంటుంది. చట్టం బ్రిటిష్ వాళ్ల కాలంనాటిది, 1884లో చేసింది. ఇప్పుడు నడుస్తున్న రూల్సు 2008వి. పెసో లైసెన్సు ఇవ్వాలంటే ముందు జిల్లా కలెక్టర్ ఎన్‌ఓసీ కావాలి. ఎన్‌ఓసీ కోసం పోలీసు, రెవెన్యూ, ఫైర్ రిపోర్టులు కావాలి. గనిలో పనిచేసేవాళ్ల భద్రత మళ్లీ కేంద్ర కార్మిక శాఖ కిందికి వస్తుంది, లీజు రాష్ట్ర గనుల శాఖది. ఒకే కడ్డీని ఇంతమంది చూస్తున్నారు, కానీ ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర ఉండదు. అందరికీ జిరాక్సులు మోసింది నేనే.

మొదటి దెబ్బ సర్వేయర్ దగ్గర తగిలింది. మందుగదికి, చుట్టుపక్కల ఇళ్లకు, రోడ్డుకు మధ్య సేఫ్టీ డిస్టెన్స్ ఉండాలి. నేను చూపించిన జాగా నుంచి కొలుచుకుంటూ పోతే పక్క చేని రైతు మోటారు గది అడ్డమొచ్చింది. ఇల్లు కాదు సార్, మోటారు గది అన్నా. ఆయన తలుపు తోసి లోపలికి చూశాడు. నులక మంచం, చెంబు, గోడకు క్యాలెండర్. 'మంచం ఉందంటే మనిషి ఉన్నట్టే' అని రాసుకున్నాడు. రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు రైతు అక్కడే పడుకుంటాడన్నది నిజమే కాబట్టి ఏమీ అనలేకపోయా. జాగా గుట్ట అవతలికి మార్చి, ప్లాన్లు మళ్లీ గీయించేసరికి రెండు నెలలు పోయాయి.

తర్వాత పోలీసు ఎంక్వైరీ. ఒక సాయంత్రం స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ మఫ్టీలో ఇంటికొచ్చాడు. టీ తాగుతూ చాలా మామూలుగా అడిగాడు: 'మీ చిన్నాయన మీద పాత కేసొకటి ఉండాల కదన్నా?' ఉంది. ఫ్యాక్షన్ రోజులనాటిది, కోర్టు కొట్టేసింది కూడా. నాకే సరిగా గుర్తులేని సంగతి ఆయన ఎట్లా పట్టుకున్నాడో! అమ్మ లేచిపోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి తీర్పు కాపీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఇన్నేళ్లు దాన్ని పట్టుచీరల కింద దాచిందని నాకు ఆ రోజే తెలిసింది. నాటుబాంబులు చూసిన జిల్లా ఇది. మందుగది అడిగినవాడి ఇంటి చరిత్ర చూడకుండా సంతకం పెట్టమంటే ఎవరైనా ఎందుకు పెడతారు? నాకు కోపం రాలేదు. కోపం వచ్చింది ఆ రిపోర్టు పోయాక, ఒక ఆఫీసులో ఒక సీటు మీద ఫైలు మూడు నెలలు కదలకుండా ఉన్నప్పుడు.

స్టేషన్‌కు పిలిచినప్పుడు ఎస్సై ఒక మాటన్నాడు: 'కొండ కోసం తయారైన మందే మనుషుల మీదికి పోతాంది. మాకున్న భయమంతా అదే.' 2003 అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చింది మాకు పొరుగునే. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లలో వాడింది అమ్మోనియం నైట్రేట్. ఎరువుగా, గనుల్లో సరుకుగా తిరిగే ఆ పదార్థం 45 శాతం దాటి ఉన్న మిశ్రమాన్ని 2011లోనే పేలుడు పదార్థంగా ప్రకటించి, 2012లో దానికి వేరే రూల్సు పెట్టారు. అయినా ఏడాది తిరక్కుండానే దిల్‌సుఖ్‌నగర్ జరిగింది. రూలు రాయడం ఒకటి, గోదాముల్లో బస్తాలు లెక్కపెట్టడం ఇంకొకటి.

ఎన్‌ఓసీ వచ్చాక పెసో పని త్వరగానే అయింది. కడ్డీలకు ఒక గది, క్యాపులకు వేరే గది, పిడుగు కడ్డీ, కంచె, రాత్రీపగలూ వాచ్‌మన్. దరఖాస్తు పెట్టిన 14 నెలలకు, 2024లో లైసెన్సు చేతికొచ్చింది. గండం గడిచిందనుకున్నా.

మొదటి నెలలోనే రిజిస్టర్‌లో రెండు క్యాపులు తక్కువ తేలాయి. గదిలో నుంచి ఇచ్చింది 40, కొండలో పెట్టింది 38, తిరిగొచ్చింది సున్నా. రాత్రంతా టెన్షన్. పొద్దున్నే బ్లాస్టర్ పెద్దాయన ఇంటికి పోయి అడిగితే, చొక్కా జేబులో చెయ్యి పెట్టి బీడీకట్టతో పాటు ఆ రెండూ బయటికి తీశాడు. 'మళ్లీ అంత దూరం నడిచి గదిలో పెట్టాలనా అబ్బీ, రేపటికి పనికొస్తాయిలే అనుకున్యా.' చేత్తో ముట్టుకోవడానికి కూడా నాకు భయమేసింది. ఆయన 30 ఏళ్లుగా అట్లాగే చేస్తున్నాడు. మిగిలినవి ఒకప్పుడు బావులు తవ్వేవాళ్లకు, చెరువులో చేపలు పట్టేవాళ్లకు ఇచ్చేవాడినని కూడా మొహమాటం లేకుండా చెప్పాడు.

మా చిన్నాయన కేసు మీద నెల రోజులు విచారణ చేసిన వ్యవస్థలో, సాయంత్రం ఆరింటికి మిగిలిన క్యాపులు ఎవరి జేబులో ఉన్నాయని అడిగే మనిషి లేడు. సరుకు కంపెనీ నుంచి నా గది దాకా వచ్చే దారికి ఫారాలు, పాసులు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఉన్నాయి. గది నుంచి కొండ దాకా ఉన్న అర కిలోమీటరు మాత్రం నా నిజాయితీకి వదిలేశారు. అప్పటి నుంచి తిరిగొచ్చిన సరుకుకు విడిగా ఒక నోటుబుక్కు పెట్టా. పెద్దాయన, వాచ్‌మన్, నేను ముగ్గురం సంతకం పెట్టాకే తాళం పడుతుంది. పెద్దాయన వారం రోజులు అలిగాడు.

2025 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ డిటోనేటర్లను కేంద్రం నిషేధించింది. మామూలు బ్యాటరీతోనే పేలే రకం కాబట్టి దొంగచేతుల్లో పడితే ప్రమాదం. వాటి బదులు వాడే ఎలక్ట్రానిక్‌వి ఖరీదెక్కువ, మాలాంటి చిన్న క్వారీకి భారమే. అయినా వాటికి ప్రత్యేకమైన మెషిన్ లేకుంటే పేలవు కాబట్టి జేబు భయం కొంత తగ్గింది.

అదే ఏడాది నవంబర్ 10 సాయంత్రం ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలింది. ఫరీదాబాద్‌లో దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి పట్టుకున్నామని పోలీసులు ప్రకటించింది కూడా అదే రోజు. అన్నం ముందు కూర్చుని టీవీ చూస్తున్నా, స్టేషన్ నుంచి ఫోన్. 'అన్నా, నీ మ్యాగజైన్‌లో స్టాక్ ఎంతుంది?'

'కడ్డీలు 112, క్యాపులు 23. ఈరోజు 4 తిరిగొచ్చినాయి, వాటితో కలిపే సార్.'

'బుక్కు చూడకుండానే చెప్తాండావే?'

'ఇప్పుడే సంతకం పెట్టొచ్చినా సార్' అన్నా.