మార్కాపురం పలక, గుండ్లకమ్మ బురద

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయిని మార్కాపురం తీసుకెళ్లాను. ఎనిమిదో తరగతి చదువుతోంది. నోటు పుస్తకంలో శిలాచక్రం బొమ్మ వేసింది, ఒక రకం రాయి ఇంకో రకంగా ఎట్టా మారుద్దో చూపే బొమ్మ అది. బాణాలన్నీ సరిగ్గానే పెట్టింది. "ఇది నిజంగా ఎక్కడ జరుగుద్ది నాన్నా?" అని అడిగింది. మన ఒంగోలు చుట్టుపక్కలే చూపించొచ్చని బయల్దేరాం.

పలకల గనుల వైపు వెళ్తుంటే దారి పక్కనంతా బూడిదరంగు రాతి ముక్కలు గుట్టలుగా పడున్నాయి. ఒక షెడ్డులో పెద్దాయన గొంతుక్కూర్చుని, రాతి దిమ్మెను నిలబెట్టి, అంచున వెడల్పాటి ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టాడు. ఇంకోసారి తట్టాడు. తాటాకుల కట్ట విప్పినట్టు రాయి రెండుగా విడిపోయింది, లోపలి ముఖం నున్నగా ఉంది.

"గట్టిగా కొడితే ముక్కలైద్దమ్మా. అది విచ్చుకునేదాకా మనమే ఆగాల" అన్నాడు.

ఈ రాయి ఒకప్పుడు బురద. వంద కోట్ల ఏళ్లకు ముందే ఇక్కడ నీళ్లు నిలిచి ఉన్నప్పుడు అడుగున చేరిన మెత్తటి బంకమన్ను. పైన పడ్డ మేటల బరువుకు గట్టిపడి షేల్ అనే రాయి అయింది. తర్వాత భూమి పక్కల నుంచి నొక్కింది. ఆ ఒత్తిడికీ వేడికీ మట్టిలోని ఖనిజాలు కంటికి ఆనని అభ్రకం రేకులుగా మారి, ఒత్తిడికి అడ్డంగా ఒకే వరసలో సర్దుకున్నాయి. ఉలి దూరేది ఆ రేకుల మధ్యనే. పలకలో పొరలంటే బురద పేరుకున్న పొరలేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. పెద్దాయన ఇచ్చిన ముక్కలో ముదురు రంగు చార ఒకటి ఏటవాలుగా పోతోంది. అసలు బురద పొర అది! రాయి విచ్చుకున్న వైపు వేరు, చార నడిచిన వైపు వేరు.

చిన్నప్పుడు బళ్లో చేసినట్టే ఉమ్మితో తడిపి తుడిచాను. అదే మట్టి వాసన. అమ్మాయి కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

పొదిలి మీదుగా చీమకుర్తి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. క్వారీల రోడ్డంతా దిమ్మెలు మోసే లారీలే. కోసిన గ్రానైట్ దిమ్మె ఒకదాని మీద సీసాలో నీళ్లు పోశాం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు తేలాయి. తల కాస్త వంచితే ఒకటి ఆరి పక్కది వెలుగుతుంది. గెలాక్సీ గ్రానైట్ అని అమ్ముతారు గానీ, శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి రాయి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం స్ఫటికాలు. భూమి లోతున మాగ్మా, అంటే కరిగిన రాయి, చాలా నిదానంగా చల్లారబట్టే అవి కంటికి కనిపించేంత పెరిగాయి. అదే మాగ్మా పైకి పొంగి త్వరగా చల్లారి ఉంటే సన్నటి రేణువుల బసాల్ట్ రాయి అయ్యేది, ఈ మెరుపు ఉండేది కాదు.

"లోతున ఉన్నది పైకెట్టా వచ్చింది?"

దాని మీద ఉన్న రాయంతా ఎండకూ వానకూ అరిగిపోయింది, అన్నాను.

"ఆ అరిగిందంతా ఎటు పోయింది?"

ఈ ప్రశ్న కోసమే సాయంత్రం మద్దిపాడు వైపు, గుండ్లకమ్మ ఏటి ఒడ్డుకు తిప్పాను. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం పక్కనుంచి వచ్చి ఒంగోలు దగ్గర్లో సముద్రంలో కలుస్తుంది. పొద్దున చూసిన పలకరాళ్ల నేల మీద కురిసిన వాన ఇందులోకే వస్తుంది. పాఠంలో బొమ్మ గుండ్రంగా ఉంటుంది గానీ, ఏ రాయీ ఆ బాణాల వరసలోనే నడవాలని లేదు. పలకరాయి కరిగి మాగ్మా కానక్కర్లేదు, అరిగి నేరుగా మళ్లీ బురదే కావచ్చు. పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదేనని నాకనిపిస్తుంది.

అమ్మాయి నీటి అంచున కూర్చుని బురద తీసి వేళ్ల మధ్య నలిపింది. గరుకే లేదంది. పొద్దుటి పలక ముక్క బయటికి తీసి దాని మీద ఆ బురదే పూసింది. ఎండేకొద్దీ బురద రంగు తేలిపోయి పలక రంగుకు దగ్గరగా వచ్చింది. కడగనివ్వలేదు, అట్లాగే కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.