ఫ్రేమ్ ఎక్కని బొంత

షార్జాలో ఏం పని చేస్తావని ఊళ్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ ఎంబ్రాయిడరీ" అంటాను. కంప్యూటర్ అన్న మాట పడగానే అరుగు మీద నాకు కాస్త చోటు పెరుగుతుంది. నిజానికి కంప్యూటర్ పని కంప్యూటరే చేసుకుంటుంది. బట్టని ఫ్రేమ్‌కి ఎక్కించడం, దారం తెగితే అతకడం, అంతే నా ఉద్యోగం.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా ఉద్దానం కుర్రాళ్లు ఒడిశా గంజాం వాళ్లతో కలిసి పలాసలో అహ్మదాబాద్ బండెక్కి సూరత్ వెళ్లడం కొత్తేం కాదు. నేనూ పంతొమ్మిదేళ్లకి అలాగే వెళ్లాను. చీరల మీద పువ్వులేసే మెషిన్ దగ్గర హెల్పర్‌గా చేరి ఆపరేటర్నయ్యాను. చాలనిపించి తిరిగొచ్చి, నాన్నతో కొబ్బరితోట చూసుకుంటున్న రోజుల్లో, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. తెల్లారి చూస్తే తోట కాదు, పడుకున్న దుంగలు. మళ్లీ మొక్క నాటితే కాపుకి ఐదారేళ్లు. అన్నేళ్లు పొయ్యి వెలగాలి కదా. 2019లో షార్జా వచ్చేశాను.

మా షాపులో పనంతా అబాయాల మీదే, అంటే అరబ్బు ఆడవాళ్లు పైన వేసుకునే నల్లటి పొడుగు గౌన్లు. అది సుఖమైన పని. కింద బక్రం అనే బిరుసు బట్ట, పైన పల్చటి నల్ల బట్ట, బయటి చట్రంలోకి లోపలి చట్రం నొక్కితే టక్కున కూర్చుంటుంది. వేలితో తడితే డప్పులా మోగాలి, అదే పరీక్ష. ఒకసారి ఎక్కిస్తే ముప్ఫై వేల కుట్లు పడేదాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. టీ తాగి రావచ్చు, ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు.

ఒక చలికాలం పెళ్లివారి ఆర్డరొకటి వచ్చింది. పన్నెండు రజాయిలు. పైన క్రీమ్ రంగు శాటిన్, మధ్యలో మందపాటి ఫైబర్, అడుగున కాటన్. ఆ మూడు పొరల్నీ కలిపి మెషిన్ మీదే తీగలు, ఆకుల డిజైన్ కుట్టాలి. చూడగానే అనుకున్నాను: ఇది మా అమ్మ కుట్టే బొంత కదా, శాటిన్ కట్టుకుని వచ్చింది!

మొదటి రోజే తెలిసిపోయింది, అబాయా విద్య ఇక్కడ పనికిరాదని. స్క్రూ ఎంత వదులు చేసినా లోపలి చట్రం దిగదు. మోచేతులు ఆనించి నొక్కితే ఈ మూల కూర్చుంటుంది, ఆ మూల లేస్తుంది. నాలుగు మూలలూ కూర్చున్నాయి కదా అని చూస్తే, నొక్కిన ఊపుకి పై శాటిన్ ముందుకు జరిగి, అడుగు కాటన్ ఉన్నచోటే ఉండిపోయి ఉంటుంది. పైన నున్నగా కనబడుతుంది. కుట్టాక తిరగేస్తే అడుగున ముడత, దాని మీద నుంచి పోయిన కుట్లు. అవన్నీ విప్పాలి. విప్పితే శాటిన్‌లో సూది చిల్లులు కనబడతాయి.

చట్రం తీశాక మచ్చ ఇంకో బాధ. రెండు చట్రాల మధ్య నలిగిన శాటిన్ మీద గుండ్రంగా మెరుపు గీత పడుతుంది. ఇస్త్రీ పెట్టి పోగొడదామంటే లోపలి ఫైబర్ అణిగిపోతుంది. ఆవిరిని కాస్త పైనుంచి పట్టి, చేత్తో దువ్వి, దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే.

మూడో రోజు అసలు దెబ్బ తగిలింది. మెషిన్ నడుస్తుండగా ఒక మూల చట్రం పైకి తన్నేసింది. డిజైన్ జరిగిపోయి సూది ప్లాస్టిక్ చట్రం మీద పడి విరిగింది, శాటిన్ జానెడు చిరిగింది. ఆ బట్ట ఖరీదు రెండు నెలల జీతంలో కోశారు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి చెప్పాను. ముందు జాలిపడింది, తర్వాత నవ్వాపుకోలేకపోయింది. "ఏటిరా బాబూ, బొంత కుట్టడానికి ఇమానం ఎక్కి అంతదూరం ఎల్లాలా? మన అరుగు మీద కూకుంటే సరిపోను కదా!"

నేర్పింది మా ఉస్తాద్. బంగ్లాదేశ్ మనిషి, ఈ ఫీల్డులో ముప్ఫై ఏళ్లు. నేను చట్రం మీద బరువేస్తుంటే చేతి మీద ఒకటి వేసి, "దబావో మత్, బిఠావో" అనేవాడు. నొక్కకు, కూర్చోబెట్టు. డప్పులా మోగాలన్న సంగతి మర్చిపొమ్మన్నాడు. రజాయి బిగిస్తే లోపలి ఫైబర్ సాగుతుంది, చట్రం తీయగానే వెనక్కి ముడుచుకుని కుట్లన్నిటినీ గుంజుతుంది. కదలకుండా ఉంటే చాలు, బిగుతు అక్కర్లేదు.

పోరిపోరి ముదీర్ చేత, అంటే మా మేనేజర్ చేత, అయస్కాంతం ఫ్రేమ్ కొనిపించింది కూడా ఆయనే. అందులో లోపలికి దూరే చట్రం ఉండదు. కింద ఒక పట్టీ, పైన ఒక పట్టీ, మధ్యలో రజాయి. పైపట్టీ తిన్నగా కిందకి దించితే మూడు పొరల్నీ ఎక్కడివక్కడే పట్టేస్తుంది. పొర జరగదు, మచ్చా పెద్దగా పడదు. కాకపోతే దాని కోపం వేరు. అజాగ్రత్తగా దించితే వేలు మధ్యలో ఇరుక్కుంటుంది. నా ఎడమచేతి గోరొకటి నెలరోజులు నల్లగానే ఉంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లని దాని దగ్గరికి రానివ్వకూడదని ఆయన మొదటి రోజే హెచ్చరించాడు.

అయస్కాంతం వచ్చేస్తే కష్టాలు తీరిపోతాయనుకున్నాను. తీరలేదు. రజాయి బరువు ఫ్రేమ్‌ని కిందకి లాగుతుంది. అలా లాగితే డిజైన్ నూలుపోగంత జరుగుతుంది, పక్క గడిలోని (ఒకసారి ఎక్కిస్తే కుట్టేది ఒక గడి) తీగతో కలవదు. అందుకని అట్టపెట్టెలు పేర్చి మెషిన్ ఎత్తుకి బల్లలా చేశాం. అటుపక్కకి పోయే సగాన్ని చాపలా చుట్టి క్లిప్పులు పెట్టాం. 11 నంబర్ సూది తీసి 14 వేశాం, బట్టని అదిమి పట్టే మెషిన్ పాదం పైకెత్తాం, నిమిషానికి 600 కుట్లు దాటనివ్వలేదు. రెండువైపులా కనబడే బట్ట కాబట్టి అడుగు దారం చుట్టే బాబిన్‌లోనూ క్రీమ్ దారమే. మొదటి ఫ్రేమ్ నట్టనడుమ, అక్కణ్ణుంచి అంచులకి. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యలో పొట్టలా మిగిలిపోతుంది. డిజైన్‌కి ముందు ఫ్రేమ్ లోపల చుట్టూ పెద్ద పెద్ద కుట్లతో ఒక పెట్టె కుట్టించాలి. మూడు పొరల్నీ ఆ టాకాలే కట్టి ఉంచుతాయి, పని అయ్యాక లాగేయొచ్చు. ఇన్ని చేశాక కూడా మీట నొక్కేముందు ఫ్రేమ్ కింద చెయ్యి పెట్టి తడమాలి. అడుగు బట్ట మడత వేళ్లకి తప్ప కళ్లకి దొరకదు.

ఇప్పుడు నా ఏడుపు చెప్తాను. రజాయి 90 అంగుళాల వెడల్పు, 100 పొడవు. గడి 10 అంగుళాలు. అంటే ఒక్కోదానికి 90 సార్లు ఎక్కించాలి, పన్నెండింటికి 1080 సార్లు. గడికి రెండున్నర వేల కుట్లు, మెషిన్‌కి నాలుగు నిమిషాల పని. ఎక్కించడానికి నాకు మూడు నిమిషాలు. రజాయికి నాలుగున్నర గంటలు ఉత్త ఎక్కించడమే! మా బోనస్ మాత్రం కుట్ల లెక్కన. మెషిన్ తెర మీద కుట్ల అంకె తిరుగుతూ ఉంటుంది, నెలాఖరుకి దాన్నే రాసుకుంటారు. ఎక్కించే మూడు నిమిషాలూ ఆ అంకె కదలదు. మెషిన్ ఆగి ఉంటుంది కాబట్టి నేనూ ఖాళీగా ఉన్నట్టే. సూరత్‌లోనూ ఇదే లెక్క, కానీ చీరల పనిలో ఆ తేడా తెలియలేదు. రజాయిలు కుట్టిన నెలల్లో నా బోనస్ సగమైంది. అడిగితే "కుట్లు తక్కువేసి డబ్బులెక్కువ అడుగుతావేంటి" అన్నారు. ఆ మాటకి అరబ్బీలో జవాబు రాదు నాకు. తెలుగులో చాలా వచ్చాయి, నోట్లోనే ఉంచుకున్నాను.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ అరుగు మీద బొంత పరిచి కూర్చుంది. పాత కోకలు ఐదు పొరలు, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. నడుమనుంచి పెద్ద టాకాలు వేసుకుంటూ వస్తోంది. కుడిచేతిలో సూది, ఎడమచెయ్యి బొంత కింద. మడత కోసం తడుముతోందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎన్నాళ్లు పడుతుందంటే "ఖాళీ ఉన్నప్పుడే కదా కుట్టేది, నాళ్లెవుడు లెక్కెట్టాడు" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆ బొంత తెచ్చుకున్నాను. లగేజీ బరువు చాలక రెండు కేజీల జీడిపప్పు తీసి అక్కడే పెట్టేయాల్సొచ్చింది, దానికి రూమ్‌లో వాళ్లు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఉస్తాద్ మాత్రం బొంత చూడగానే అందరు ఆపరేటర్లూ చేసే పనే చేశాడు, ముందు తిరగేశాడు. అడుగువైపు అరచెయ్యి పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిమిరాడు. వాళ్లమ్మ కూడా కుట్టేదట, కాంథా అంటారట వాళ్లు. ఆ రాత్రి ఏసీ చలిగా ఉందని కప్పుకోడానికి అడిగి తీసుకెళ్లాడు.

రెండు నెలలైంది, ఇంకా ఇవ్వలేదు.