ఎందుకో చెప్పగలిగితేనే గడి నిండినట్టు

తెలుగు పత్రికల్లో వచ్చే గడినుడులు, అంటే క్రాస్‌వర్డ్‌లు, రెండు రకాలు. ఒకదానికి పర్యాయపదం తెలిస్తే చాలు. "ఏనుగు (2)" అంటే "కరి" అని రాసేస్తాం, బ్రాకెట్లోది గడుల సంఖ్య. రెండో రకం గూఢమైనది. అందులో ఆధారం, అంటే క్లూ, పైకి ఒకటి చెబుతూ లోపల ఇంకోటి అడుగుతుంది. మొదటిది నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. రెండోది పెళ్లయి హైదరాబాద్ వచ్చాక, విద్యానగర్‌లో మా మామగారి దగ్గర నేర్చుకున్నాను.

ఆయనది శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలతో, ఆరుద్ర గడినుడితో కుస్తీ పట్టిన తరం. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు చదివే మిత్రులతో ఈ చర్చలు ఇప్పటికీ నడుస్తుంటాయి. ఆయనది ఒకటే పట్టు. సమాధానం చెప్పగానే "ఎందుకు?" అంటారు. కారణం చెప్పలేకపోతే ఆ మాటను పెన్సిల్‌తోనే రాయాలి, పెన్నుతో రాయకూడదు.

నాకు నేర్పడానికి సొంతంగా ఆధారాలు తయారుచేసి కాగితం మీద రాసి ఇచ్చేవారు. మొదటిది, "స్వప్నం పక్కన పెన్ను పెడితే గందరగోళం (4)". స్వప్నం కల, పెన్ను కలం, రెండూ కలిస్తే కలకలం. మామూలుగా ఆధారానికి ఒక కొసన అర్థం ఉంటుంది, మిగిలినదంతా ఆ మాటను కట్టే పద్ధతి. ఇక్కడ "గందరగోళం" అర్థం. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆధారాన్ని ఎక్కడ విరవాలో వెతకడం మొదలైంది. నన్నడిగితే సగం పని అదే.

తర్వాతది నిలువు: "తీగ శీర్షాసనం వేస్తే శిరస్సు (2)". నిలువు గడుల్లో లత తలకిందులైతే తల. ఇదే అడ్డంలో అయితే "తిరగబడ్డ తీగ" అనాలి, శీర్షాసనం చెల్లదు. ఇలాంటి నిజాయితీతో గడి కూర్చేవాళ్లంటే నాకు గౌరవం.

నాకు బాగా నచ్చినది "నవల చెదిరిపోతే పంచమి (3)". పంచమి అనగానే మనసు తిథుల మీదికి పోతుంది. న, వ, ల అక్షరాలను అటూ ఇటూ మార్చితే వలన. వలన, కంటె, పట్టి పంచమీ విభక్తి కదా! బళ్లో వల్లె వేసిన విభక్తులు ఇలా ఎదురొచ్చిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంకోటి, "వానకు గోడ పడవచ్చు, అందులోనే ఏరు దాటవచ్చు (3)". "పడవచ్చు"లో పడవ కళ్ల ముందే ఉంది.

ఈ గడినుడి ఆట 1913లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదలైంది. 1926 నుంచి లండన్ అబ్జర్వర్‌లో టార్కెమడా అనే మారుపేరుతో ఒకాయన దాన్ని పూర్తిగా గూఢంగా మార్చారు. ఆ పద్ధతులు మన దగ్గరా పనిచేస్తాయి గానీ, ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, ఉన్నవి మొత్తం 26. మన గడిలో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి కూర్చుంటాయి. అడ్డంలో "లం" ఉంటే నిలువులోనూ "లం" అనే రావాలి, "ల" కుదరదు. కలం అంటే రెండు గడులు, కలము అంటే మూడు. కూర్చేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. పూరించేవాళ్లకు మాత్రం ఒక్కోసారి వరం, "క్ష్మి" అనే గడి దొరికిందంటే మాట దాదాపు చేతికొచ్చినట్టే.

ఆదివారం గడి వచ్చిందంటే ఇద్దరం వేరువేరుగా కూర్చుంటాం. టిఫిన్ అయ్యాక చర్చ. ఆ చర్చ లేని గడి నాకు సగం చేసినట్టే అనిపిస్తుంది. అన్ని గడులూ నిండినా ఒక ఆధారం ఎలా కుదిరిందో తెలియకపోతే మధ్యాహ్నం దాకా దాని మీదే ఉంటాం. ఫోన్లో జవాబు వెతకడం మా ఇంట్లో లేదు. నిఘంటువు చూడవచ్చు, అదీ అర్థం సరిచూసుకోవడానికే.

ఈమధ్య నేనే కూర్చడం మొదలుపెట్టాను. మొన్న రాసిన ఆధారం, "తల లేని నగరం వేడిగా ఉంది (2)". జవాబు గరం.

మామగారు కళ్లజోడు సర్దుకుని, "నిఘంటువులో గరం అంటే విషం అమ్మాయ్. వేడి అని ఎక్కడుంది?" అన్నారు.

"గరం గరం చాయ్ అని ఈ ఊళ్లో అననివాళ్లెవరు మావయ్యగారూ? రేపు మీ లైబ్రరీ వాళ్లను అడగండి."

ఆయన ఒప్పుకోలేదు. "తల తీసిన నగరం విషమైంది" అని మార్చమన్నారు. అది కూడా మంచి ఆధారమే, కాదనను. కానీ మే నెల హైదరాబాద్‌కు నాదే సరిపోతుందని నా వాదన. రెండూ ఒకే కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టాను. చిక్కడపల్లిలో ఏది నెగ్గుతుందో చూడాలి.