ఎగ్జాస్పరేషన్ అనే మాట: జీఆర్‌ఈ వర్బల్ ప్రిపరేషన్‌లో నా అనుభవం

మిత్రులారా, విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షలో వర్బల్ (ఇంగ్లిష్ భాషా) విభాగం కోసం చదివిన పదాల్లో నేను ఎక్కువసేపు ఆగిన మాట ఎగ్జాస్పరేషన్. పదాల జాబితాల్లో దీనికి ఎదురుగా కోపం, చికాకు, విసుగు అని ఉంటుంది. అవి తప్పు కాకపోయినా, దగ్గరి అర్థాలున్న ఆప్షన్లు ఎదురైనప్పుడు వాటితో ప్రశ్న తేలదు.

తలపెట్టిన పనికి అడ్డు తగిలితే కలిగేది ఫ్రస్ట్రేషన్. అందులో కోపం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అదే ఇబ్బంది పదే పదే ఎదురై, ఎంత చెప్పినా ఎదుటివారు మారక, మనం చేయగలిగిందేమీ మిగలక, ఓపిక నశించినప్పుడు పుట్టే కోపం ఎగ్జాస్పరేషన్. మనం విసిగి వేసారిపోయామని అనే స్థితి దీనికి చాలా దగ్గరిది, అయితే వేసారడంలో నీరసం పాలు ఎక్కువ, ఇక్కడ కోపం ఇంకా చల్లారదు. అందుకే టెక్స్ట్ కంప్లీషన్ (ఖాళీలు పూరించే ప్రశ్న) వాక్యంలో పునరావృతాన్ని, సహనం అయిపోవడాన్ని తెలిపే సూచనలు ఉన్నాయేమోనని ముందుగా వెతికేవాణ్ణి. అన్యాయం చూసి వచ్చే ధర్మాగ్రహమైతే ఇన్‌డిగ్నేషన్ సరిపోతుంది.

లాటిన్‌లో ఆస్పర్ అంటే గరుకైనది అని అర్థం. ఎగ్జాస్పరేట్, ఆస్పెరిటీ (కరకుదనం) రెండూ అక్కడివే. ఆస్పర్షన్ (నింద) మాత్రం చిలకరించడం అనే వేరే ధాతువు నుంచి వచ్చింది కాబట్టి దాన్ని ఈ వరుసలో చేర్చకండి. ఎగ్జాసర్బేట్‌తో ఇంకా జాగ్రత్త అవసరం: సమస్యను ముదిరేలా చేస్తే ఎగ్జాసర్బేట్, మనిషిని విసిగించి కోపం తెప్పిస్తే ఎగ్జాస్పరేట్.

విసిగిపోయిన మనిషి ఎగ్జాస్పరేటెడ్, విసిగించే ప్రవర్తన ఎగ్జాస్పరేటింగ్. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నల్లో, వాక్యంలోని ఖాళీలో పెడితే ఒకే అర్థం వచ్చేలా ఆరు ఆప్షన్ల నుంచి రెండింటిని ఎంచాలి, ఒకటే సరైనదైతే మార్కు రాదు. అందువల్ల దీన్ని ఒంటరిగా కాక వెక్స్‌డ్, ఇర్క్‌డ్ (రెండూ చికాకుపడిన అని చెప్పేవే) వంటి జోడీ మాటలతో కలిపి చదవడం నాకు ఎంతో మేలు చేసింది. వీటి తీవ్రత అచ్చంగా ఒకటి కాకపోయినా, వాక్యార్థం ఒకేలా నిలిస్తే చాలు. ఎన్‌రేజ్‌డ్ మాత్రం తీవ్రతలో చాలా పైమెట్టుది, వాక్యం అంతటి ఉగ్రత కోరితే తప్ప దాని జోలికి వెళ్లకండి.

ఇష్యూ ఎస్సేలో, అంటే జీఆర్‌ఈలో ఇచ్చిన అంశంపై మన అభిప్రాయం రాసే వ్యాసంలో, ఈ మాట వాడేటప్పుడు ఎవరు విసిగారో, ఏది వారిని పదే పదే విసిగించిందో రెండూ అదే వాక్యంలో చెప్పండి. పౌరులు ఎగ్జాస్పరేటెడ్‌గా ఉన్నారని ఊరుకోకుండా, ఇచ్చిన ప్రతి అర్జీనీ తిప్పిపంపడం వారిని ఎగ్జాస్పరేట్ చేసిందని రాస్తే ఆ మాట అక్కడ ఎందుకుందో చదివేవారికి అర్థమవుతుంది.