చూసింది వేరు, అనుకున్నది వేరు

మా ఇంటికి దగ్గరలోని అడవిలోకి ఏళ్ల తరబడి ఉదయం నడకకు వెళుతున్నాను. గత చలికాలంలో ఒక రోజు, బాటకు పది అడుగుల లోపల, ఒక చెట్టు మొదట్లో మట్టి అంతా గీరుకుపోయి కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే నేలకు జానెడు ఎత్తున కాండం చుట్టూ బెరడు ఉంగరంలా అరిగి, లోపలి తెల్లని కొయ్య బయటపడి ఉంది. అది దేని గుర్తో నాకు అప్పుడు అంతుపట్టలేదు. మరో ఇరవై అడుగులు నడిచాక, జంతువులు తిరిగి తిరిగి ఏర్పడిన సన్నని దారిలో, రెండు పొదల నడుమ వేలాడుతున్న తీగ ఉచ్చు కంటపడినప్పుడు గాని, ఇలాంటి తీగలోనే చిక్కిన జంతువేదో ఆ చెట్టు చుట్టూ గుంజుకుంటూ తిరిగి ఉంటుందని అర్థం కాలేదు.

ఆ ఉచ్చు ముందు చాలాసేపు కూర్చున్నాను. సన్నని పోగులు పేనిన ఉక్కు తీగ అది, మోటారు సైకిలు క్లచ్ తీగ లాంటిది. మెరుపు కనిపించకుండా మంటలో కాల్చి నల్లబరిచారు. ఒక కొసను చిన్న కన్నులా మడిచి, రెండో కొసను అందులోంచి దూర్చి, చెట్టు వేరుకు బిగించి కట్టారు. జంతువు పక్కకు తప్పుకోవడానికి వీలు లేకుండా ఇరువైపులా ఎండు ముళ్లకంప అడ్డం వేశారు. తల దూర్చిన జంతువు తీగ తగలగానే బెదిరి ముందుకు గుంజుతుంది, గుంజిన కొద్దీ ముడి బిగుస్తుంది, బిగిసిన కొద్దీ మరింత గుంజుతుంది. ఊపిరి తీసే బలమంతా ఆ ప్రాణి నుంచే వస్తుంది కాబట్టి వేసినవాడు అక్కడ ఉండనక్కర లేదు, తుపాకీ చప్పుడూ ఉండదు. చిక్కింది కుందేలా, చూలుతో ఉన్న జింకా, ఎవరో పెంచుకుంటున్న కుక్కా అనే తేడా ఆ తీగకు తెలియదు. వేసినవాడు మరిచిపోయినా, తుప్పు పట్టి తెగేదాకా అది అలాగే కాచుకొని ఉంటుంది. కంబోడియా, లావోస్, వియత్నాం దేశాల రక్షిత అడవుల్లో సుమారు 1 కోటి 23 లక్షల ఉచ్చులు ఉంటాయని ప్రపంచ వన్యప్రాణి నిధి 2020లో అంచనా వేసింది. ఆ అంకెను అంతకు ముందే ఎక్కడో చదివాను గాని, ఒక్క ఉచ్చును ఇంత దగ్గరగా చూసేవరకు దాని బరువు నాకు తెలియలేదు.

నేను ఇంకా అక్కడే ఉండగా లోపలి వైపు నుంచి ఒక మనిషి వచ్చాడు. భుజాన గోనెసంచి, వెంట కుక్క, తెల్లవారినా ఆర్పని తలలైటు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"ఇంత పొద్దున్నే వచ్చారేం?" అని నేనే పలకరించాను.

"ఎండు కట్టెల కోసమండి" అని చెప్పి, కుక్కను అదిలించి, బాట వైపు వెళ్లిపోయాడు. అతని చేతిలో గొడ్డలి గాని కత్తి గాని లేదు.

ఉచ్చు వేసింది ఇతనేనని ఆ క్షణంలో నా మనసు తీర్పు చెప్పేసింది. వెనకాలే వెళ్లి సంచి దింపమని అడగాలనిపించింది. నన్ను ఆపింది ధైర్యం లేకపోవడం కాదు, కొన్నేళ్ల క్రితం నేను చేసిన ఒక తప్పు. ఇదే అడవిలో ఒక ముసలాయన సంచితో వస్తుంటే అడ్డగించి, నలుగురూ వినేలా గట్టిగా నిలదీశాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా సంచిని నా కాళ్ల ముందు బోర్లించాడు. అందులో ఉన్నవి ఎండుటాకులు, నాలుగు వేర్లు. వాటిని ఏరి మళ్లీ సంచిలో వేసుకుంటున్నంతసేపూ తలెత్తలేదు. ఆ తరువాత ఆయనను ఆ దారిలో ఎప్పుడూ చూడలేదు. క్షమించమని అడిగే అవకాశం కూడా నాకు మిగలలేదు.

అందుకే ఈసారి ఇంటికి రాగానే పుస్తకం తెరిచి ఎడమ పేజీలో చూసింది, కుడి పేజీలో అనుకున్నది రాశాను. ఎడమ పేజీలో సమయం, చోటు, వెలుతురు ఎంత ఉందో, ఆ మనిషి ఎత్తు, చొక్కా రంగు, కుక్క రంగు, వచ్చిన దిక్కు, వెళ్లిన దిక్కు, అన్న మాట అన్నట్టుగా చేరాయి. వేటగాడు అన్న మాట కుడి పేజీలోకి వెళ్లింది. రాస్తున్నప్పుడు తెలిసిందేమిటంటే, నాకు రూఢిగా తెలుసనుకున్న వాటిలో సగానికి పైగా కుడి పేజీకే చెందుతాయి. సంచి బరువుగా ఉందని నమ్మాను, కానీ ఏం చూసి అలా నమ్మానో ఎంత ఆలోచించినా చెప్పలేకపోయాను.

ఉచ్చును తీసేయాలా వద్దా అన్నది ఆ రోజు నన్ను అన్నిటికంటే ఎక్కువ వేధించిన ప్రశ్న. చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది, ఒక్క నిమిషంలో విప్పేయవచ్చు. అయితే విప్పిన తీగ చేతిలో మిగులుతుందే తప్ప సాక్ష్యంగా నిలవదు. అది ఎక్కడ, ఎంత ఎత్తున, ఏ ముడితో కట్టి ఉందన్నదే విచారణకు పనికివచ్చే విషయం. పైగా చట్టం అన్ని దేశాల్లో ఒకేలా లేదు. భారతదేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉచ్చు వేయడాన్నీ, అందుకు చేసే ప్రయత్నాన్నీ కూడా వేట కిందికే తెస్తుంది. వేల్స్ 2023లో, స్కాట్లండ్ 2024లో ఉచ్చుల వాడకాన్ని పూర్తిగా నిషేధించాయి. అనుమతి పత్రంతో ఉచ్చులు వేసుకోనిచ్చే చోట్లూ ఉన్నాయి, అలాంటి చోట ఇతరులు వాటిని ముట్టుకోవడమే నేరం కావచ్చు. అందువల్ల ముందు ఫొటోలు తీశాను. చుట్టుపక్కల చెట్లు గుర్తుపట్టేలా దూరం నుంచి ఒకటి, కొలత తెలిసేలా పక్కన పెన్ను పెట్టి దగ్గర నుంచి ఒకటి. నేల మీది అడుగుజాడలు చెరగకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచి, అటవీశాఖకు ఫోన్ చేశాను. తీగను తీయవద్దని, ముడిని మాత్రం ఒక పుల్లతో పూర్తిగా దగ్గరికి జరిపి, ఏ తలా దూరకుండా చేసి రమ్మని అవతలి అధికారి చెప్పారు. అలాగే చేసి వచ్చాను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక ఉచ్చు వేసినవాడు ఒక్కదానితో ఆగి ఉంటాడా అన్న ఆలోచన తెల్లవారేదాకా వదలలేదు.

ఒకవేళ జంతువు అప్పటికే చిక్కి, ప్రాణంతో ఉంటే తీగ కోసి వదిలేయడం జాలి అనిపిస్తుంది గాని చాలాసార్లు అది హాని. తెగిన ఉచ్చు మెడకో కాలికో ఉండగానే జంతువు పరుగెత్తుతుంది, ఆ తీగ రోజుల తరబడి కండలోకి దిగుతూనే ఉంటుంది. మనిషి దగ్గరికి వెళ్లిన కొద్దీ అది భయంతో మరింత గుంజుకొని ఉరి బిగించుకుంటుంది. వెనక్కి తగ్గి, కంటికి కనబడకుండా నిలబడి, పశువైద్యుణ్ణి వెంటబెట్టుకొని రమ్మని అటవీశాఖకు చెప్పడమే దానికి చేయగల మేలు. చచ్చి పడి ఉన్న జంతువును, ముఖ్యంగా చుట్టూ కాకులో గద్దలో కూడా చచ్చి ఉంటే, ఒట్టి చేతులతో తాకకూడదు, వెంట ఉన్న కుక్కను దగ్గరికి పోనివ్వకూడదు. కార్బోఫ్యూరాన్ వంటి పురుగుమందులను కళేబరాలకు పట్టించి ఎరగా వాడడం చాలా దేశాల్లో బయటపడింది.

అనుమానం కలిగిన మనిషిని ఎదురుపడి నిలదీయవద్దని నేను అనేది ఆ అనుమానం తప్పు కావచ్చని మాత్రమే కాదు, నిజం కూడా కావచ్చని. శిక్షణ పొందిన అటవీ రక్షకులే విధుల్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వారిని తలచుకోవడానికే 2007 నుంచి ఏటా జులై 31న ప్రపంచ రేంజర్ల దినం జరుపుతున్నారు. చేతిలో ఫోను తప్ప ఏమీ లేని మనిషి, చీకట్లో ఆయుధం ఉందో లేదో తెలియని మరో మనిషికి అడ్డం నిలవడం వల్ల ఏ జింకా బతకదు. ముఖం కనబడే ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా నిలదీయడం లాంటిదే. పొరపాటైతే ఒక కుటుంబం తలెత్తుకోలేదు, నిజమైతే అతడు జాగ్రత్తపడి ఉచ్చులన్నీ మరో వైపుకు మార్చేస్తాడు. నన్నడిగితే ఆ ఫొటో వెళ్లవలసింది ఒక్క అటవీశాఖకే.

మరునాడు తెల్లవారుతూనే ఇద్దరు అధికారులు వచ్చారు. నేను అంతకు ముందు రెండుసార్లు నడిచిన ఆ కొద్దిపాటి మేరలోనే మరో మూడు ఉచ్చులు చూపించారు. వాళ్ల కళ్లు తీగ కోసం వెతకలేదు, అడ్డంగా పేర్చిన కంప కోసం, జంతువుల దారి ఇరుకైన చోటు కోసం వెతికాయి. తరువాత నా పుస్తకం తీసుకొని, కుడి పేజీ వైపు ఒకసారి చూసి తిప్పేసి, ఎడమ పేజీని నెమ్మదిగా చదివారు. సంచి ఏ భుజాన ఉంది, ఆ భుజం కిందికి వంగిందా, సంచి అడుగున తడి ఉందా, కుక్క మెడకు పట్టా ఉందా అని అడిగారు. నాలుగింటిలో ఒక్కదానికే జవాబు చెప్పగలిగాను.

విచారణ ఎంతవరకు వచ్చిందో వాళ్లు నాకు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నెల రోజుల తరువాత ఆ మనిషి అదే బాటలో మళ్లీ ఎదురయ్యాడు. ఇద్దరం తలలు ఊపి పలకరించుకొని ఎవరి దారిన వాళ్లం వెళ్లాము. ఆ ఉదయం ఎడమ పేజీలో సమయం ఆరుంబావు అని, సంచి మడిచి చంకలో ఉందని, కుక్క వెంట లేదని, చేతిలో చిన్న గొడ్డలి ఉందని రాసుకున్నాను. కుడి పేజీని ఖాళీగా వదిలేశాను.