బుడమేరు నేర్పిన లెక్క

రిటైరయ్యాక నా కారు గేటు దాటేదే తక్కువ. రైతుబజారు, బ్యాంకు, నెలకోసారి గుంటూరులో చెల్లెలి ఇల్లు. ఈసారి కారు ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, ఒక్కటే కట్టేసి ఊరుకుందామనుకున్నా. చట్టం అడిగేది అంతే కదా!

అబ్బాయి ఫోన్‌లో ఒక్క మాటే అన్నాడు: "నాన్నా, 2024 సెప్టెంబరు మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతాను? బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు మా తోడల్లుడి కారు అద్దాల దాకా నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక ఆత్రం ఆపుకోలేక తాళం తిప్పాడు. ఇంజన్ పోయింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోలేదని ఆ ఖర్చు మాత్రం రాలేదు. పాపం, పాలసీ కాగితం చదివింది ఆ రోజే.

కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నా. ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్. ఏజెంటు ఐడీవీ, అంటే పాలసీలో రాసే కారు విలువ, తగ్గించి ప్రీమియం చవగ్గా చూపించబోయాడు. "రేపు కారు ఎవరైనా ఎత్తుకుపోతే నా చేతికొచ్చేదీ ఆ లెక్కనే కదా బాబూ" అన్నాను. నవ్వేసి సరిచేశాడు.

ఇంజన్ కవర్ వేయించా, పార్టుల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డిప్ వద్దన్నా. చిన్న గీతలకి క్లెయిమ్ చేసి బోనస్ పోగొట్టుకోను. అయినా ఆ గీతలన్నీ మా గేటు పెట్టినవే.